రాయమల్లు చూడని రథం

స్పానర్‌ను మరో పావు చుట్టు తిప్పి రాయమల్లు ఊపిరి బిగబట్టాడు. సిగ్నల్ మీటరులో అంకె రెండు మెట్లు ఎక్కి, ఒకటి దిగి, నిలబడింది. గోదావరి అవతల మంచిర్యాల టవర్ పొద్దుటి మసకలో కనబడడం లేదు. అతనికి కనబడకపోయినా ఫర్వాలేదు, లింగవ్వ ఇంటి స్లాబు మీది డిష్‌కు కనబడితే చాలు. గట్టుపల్లిలో ఆ టవర్‌కు చెట్టూ గుట్టా అడ్డం రాని ఇల్లు ఇదొక్కటే. అందుకే నర్సన్న జాతర వచ్చిందంటే మూడు రోజులు అతని తిండీ పడకా ఈ స్లాబు మీదే. ఇది తొమ్మిదో ఏడు.

యాభై ఆరేళ్ల మనిషి. సన్నగా, కొంచెం ముందుకు వంగి నడుస్తాడు. నిచ్చెన మోసీ మోసీ కుడి భుజం ఎడమదానికంటే అంగుళం కిందికి దిగింది. ఒకప్పుడు మందమర్రి కార్మికుల కాలనీల్లో ఇరవై ఏళ్లు కేబుల్ టీవీ వైర్లు లాగాడు. బొమ్మ వచ్చిందా అని స్తంభం మీంచి అరవడం, వచ్చిందని లోపలి నుంచి ఎవరో అరవడం, దిగి ఇంకో ఇంటికి పోవడం. వచ్చిన బొమ్మ ఏమిటో చూసిన పాపాన పోలేదు. జర కూసోని చూడు అన్న ఇల్లాళ్లు ఆ ఇరవై ఏళ్లలో ఇద్దరో ముగ్గురో. పిల్లనిచ్చిన మామ కూడా అల్లుడెవరని అడిగితే 'కేబులాయన' అనేవాడు తప్ప పేరు చెప్పేవాడు కాదు.

కేబుల్ పని సన్నగిల్లాక, ఓనర్ కుమార్ సభలకూ జాతరలకూ రెండు మూడు రోజుల కోసం ఇంటర్‌నెట్ ఇచ్చే పని పట్టాడు. లక్షమంది ఒక్కచోట చేరి ఫోన్లు తీస్తే సెల్ టవర్లు చేతులెత్తేస్తాయి. అప్పుడు పోలీసు కెమెరాలు, దర్శనం టికెట్ల కౌంటర్లు, రథోత్సవం లైవ్, అన్నీ రాయమల్లు లాగిన వైరు మీదే నడవాలి. గట్టుపల్లి మగవాళ్లలో సగం మంది మస్కట్‌లో ఉన్నారు. లైవ్ నిమిషం ఆగితే తిట్లు సముద్రం దాటి వస్తాయి.

కుమార్ పెట్టిన నియమం ఒక్కటే, వైఫై పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకూడదు. ఒకరికిస్తే గంటలో వందమందికి పాకి లైన్ కూలబడుతుంది. రాయమల్లు సర్పంచ్ బామ్మర్దికి కూడా ఇవ్వలేదు. "నీ అయ్య సొమ్మా?" అని అతను ఎగిరితే, "కాదు, గందుకే ఇస్తలేను" అన్నాడు.

ఎనిమిదేళ్లు అతనికి చాయ్ పైకి తెచ్చింది లింగవ్వే. ఎనభై దాటినా మెట్లెక్కి, గ్లాసు చేతికిచ్చి, తాగేదాకా కదిలేది కాదు. ఈసారి అతనే కిందికి దిగాడు. దీపావళికి జారిపడి తుంటి విరిగినప్పటి నుంచి ఆమె మంచం దిగలేదు. నాలుగు రోజులుగా గంజి కూడా గొంతు దిగడం లేదు. మనుమరాలు నవీన చెంచాతో నీళ్లు పోస్తోంది.

ఊరి పెద్దలు పొద్దున్నే రెండుసార్లు వచ్చి ఎలా ఉందని అడిగి పోయారు. పలకరింపు ముసలమ్మకు, దిగులు రథానికి. ఊళ్లో పీనుగు ఉంటే రథం కదలదు. దహనమయ్యేదాకా దేవుడైనా ఆగాల్సిందే.

"రథం గుళ్లెకు పోయేదాంక నేను యాడికి పోనని చెప్పుండ్రి వాళ్లకు," అంది లింగవ్వ. గొంతు సన్నబడింది గాని వెటకారం తగ్గలేదు. తర్వాత రాయమల్లు వైపు తిరిగింది. "కొడుకా, అరువై ఏండ్ల సంది నా కడప ముంగట రథానికి కొబ్బరికాయ కొట్టిన. గీయేడు కండ్లతోటి చూసుడన్న అయితదా?"

ఎలా అవుతుంది? దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, రథం గడప ముందుకే వస్తుంది గాని జనాన్ని ఆపడానికి ఇళ్ల ముందు నిలువెత్తు రేకులు కట్టేశారు. ఆమెను మంచం మీంచి కదిలిస్తే ఊపిరి నిలిచేలా లేదు. నవీన ఫోన్‌లో సిగ్నల్ తెల్లారకముందే చచ్చింది.

"చూపిస్త అవ్వా," అన్నాడు రాయమల్లు. అన్నాక గాని ఏమన్నాడో అతనికి తెలియలేదు.

రథం నాలుగింటికి. రెండింటికి లైన్ పోయింది.

డిష్ బాగానే ఉంది. గుడికి పోయే వైరు దగ్గర ఎర్రలైటు. నడుముకున్న వాకీటాకీలో కుమార్ అరుస్తున్నాడు. రాయమల్లు వైరును చేత్తో తడుముతూ జనంలోకి నడిచాడు. మిషన్ చెప్పేలోపు వేళ్లే చెబుతాయని అతని నమ్మకం. గుడి వెనక కంచె దగ్గర సంగతి తెలిసింది. గుడి చుట్టూ కొత్తగా నల్లని తాడు కనబడేసరికి ఎవరో భక్తురాలు దానికి ముడుపు కట్టింది. ఒకరు కడితే ఇంకొకరు ఊరుకుంటారా? పసుపు గుడ్డల్లో కొబ్బరికాయలు నలభై యాభై వరసగా వేలాడుతున్నాయి. వైరు లోపలి వెంట్రుకంత గాజు పోగు ఆ బరువుకు మడతపడి, నెట్‌ను మోసే వెలుతురు అక్కడే ఆగిపోయింది.

వాకీటాకీలో సంగతి చెబితే, "కోసి పారెయ్!" అన్నాడు కుమార్.

చంకలో బిడ్డతో ఒకామె అప్పుడే ముడి బిగిస్తోంది. ముడుపు కట్టినవాళ్లే విప్పాలి, ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు. రాయమల్లు ఆమె మొక్కుకుని కళ్లు తెరిచేదాకా ఆగాడు.

"గా వైరు దేవునికైపోయింది సార్. నేను కొత్తది గుంజుత," అన్నాడు.

ఎనభై మీటర్ల చుట్ట భుజాన వేసుకుని, ఈసారి మనిషి చెయ్యి అందని ఎత్తులో రేకుల మీదుగా లాగాడు. రెండు కొసలూ అతికేటప్పుడు చెయ్యి కదలకుండా మోకాలికి ఆనించుకున్నాడు. చెమట కళ్లలోకి దిగి మంట పుట్టింది. నాలుగుకు పది నిమిషాలుందనగా పచ్చలైటు వెలిగింది. శెభాష్ అన్నవాళ్లు లేరు. లైన్ పోతేనే రాయమల్లు గుర్తొస్తాడు గాని, ఉంటే ఎందుకు గుర్తొస్తాడు?

రథం కదిలే వేళకు స్లాబు మీద లైట్ల ముందు కూర్చోవాల్సినవాడు, మెట్ల దగ్గర ఆగి, నవీన ఫోన్ అడిగి తీసుకున్నాడు. పాస్‌వర్డ్ తనే కొట్టాడు. తప్పు చేశానని ఏ మాత్రం అనిపించలేదు. మంచం పక్కన పీట మీద నీళ్ల చెంబుకు ఫోన్‌ను ఆనించాడు.

గుడి ముందు కదిలిన రథం తెర మీదికి వచ్చింది. నవీన ముసలమ్మ తల కింద చెయ్యిపెట్టి ఎత్తింది. లింగవ్వ కళ్లు చిన్నవి చేసుకుని చూసింది. "బంతిపూలు కట్టిన్రు," అంది. "మంచిగ కట్టిన్రు."

కాసేపటికి డప్పులు దగ్గరయ్యాయి. రేకులు దడదడలాడాయి. గోవిందా గోవిందా అన్న కేక గోడల్లోంచి వచ్చినట్టు వచ్చింది. ఫోన్‌లో మాత్రం రథం ఇంకా బజారు మధ్యలోనే ఉంది.

"డప్పులు గీడ, దేవుడు గాడ. గిదేంది కొడుకా?"

"బొమ్మ యాడనో దూరం పోయి మల్ల రావాలె అవ్వా. రెండు మూడు నిమిషాలు ఎనుక వస్తది."

"నా కడప ముంగటి దేవుడు దేశం తిరిగి నా కాడికొస్తుండా!" లింగవ్వ బోసినోటితో నవ్వింది. "రానీ. చూస్త."

బయట రథం గడప ముందు ఆగింది. ఎవరో కొబ్బరికాయ కొట్టిన చప్పుడు. ఆ చప్పుడుకు ఆమె చేతులు దుప్పటి మీద ఒకదానికోసం ఒకటి కదిలి, కలవకుండానే ఆగాయి. నవీన చేతిలో తల బరువెక్కింది.

"బాపమ్మా?"

రాయమల్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. గాలి తగల్లేదు. నవీన గుండెలు బాదుకోబోయి నోరు తెరిచింది.

"జర ఆగు బిడ్డా," అన్నాడతను. "రథం గుళ్లెకు పోయేదాంక యాడికి పోనన్నది. గా మాట మనం నిలవెడ్దాం."

నవీన చున్నీ నోట్లో కుక్కుకుంది. రాయమల్లుకూ దుఃఖం ముంచుకొచ్చింది. తన తల్లి పోయిన రోజున కూడా ఏదో కాలనీలో స్తంభం మీదే ఉన్నాడు. ఒక మనిషి పోతుంటే పక్కన ఉండడం అతనికి ఇదే మొదలు.

వాకీటాకీ గరగరమంది. "రాయమల్లు, లైన్ మంచిగున్నదా?"

"మంచిగున్నది సార్. ఏం ఫికర్ లేదు."

రేకుల అవతల చక్రాలు కిర్రుమని కదిలాయి. డప్పులు గడప దాటి గుడి వైపు సాగిపోయాయి. చెంబుకు ఆనించిన ఫోన్‌లో రథం ఇప్పుడే మలుపు తిరిగి లింగవ్వ ఇంటి వైపు వస్తోంది.