జువైనాకు వేసిన కుర్చీ

జువైనా ఫోన్ చేసినప్పుడు ఆండాలు లాల్‌దర్వాజాలోని తమ పాలసెంటర్‌లో గిరాకీలకు పాలు పోస్తోంది. ఏదో కొత్త నంబరు. ఎత్తగానే "అందాల్!" అన్న గొంతు వినపడింది. ఆ పేరును అట్లా పిలిచే మనిషి లోకంలో ఒక్కతే. చేతిలోని పాల కొలత క్యాన్‌లోకి జారిపోయినా ఆండాలు చూసుకోలేదు.

"అక్కా! ఏడున్నవే?" అని తెలుగులోనే అడిగేసి, నాలుక కరుచుకుని హిందీలోకి మారింది.

జువైనా తనకొచ్చిన ముక్కల హిందీలో సంగతి చెప్పింది. మోకాళ్ళు అరిగిపోయాయి. ఆపరేషన్ కోసం ఒమన్ నుంచి కొడుకు హమద్‌ను వెంటబెట్టుకుని వచ్చింది. కంచన్‌బాగ్ దిక్కు, ఆసుపత్రి పక్కన అరబ్బీ బోర్డు ఉన్న లాడ్జిలో దిగారు. షుగరు తగ్గితేగాని ఆపరేషన్ చేయమన్నారు డాక్టర్లు. అప్పటిదాకా ఖాళీయే.

"అయితే మా ఇంటికి రావాలె. నా చేతి అన్నం తినకుండ నిన్ను పోనియ్య" అంది ఆండాలు.

ఆ పూట పాలకొచ్చిన వాళ్ళందరికీ ఒకటే కబురు చెప్పింది. సూర్‌లో తనను బతికించిన మనిషి హైదరాబాద్ వచ్చిందని.

ఆ బతికించిన కథ గల్లీలో చాలామందికి తెలుసు. ఒక ఏడు రోగమొచ్చి బర్రెలన్నీ వరుసగా చచ్చిపోతే, భర్త వేణుగోపాల్ చేతులెత్తేసి కూర్చున్నాడు. ఆండాలే ధైర్యం చేసి ఒమన్‌లో సముద్రం ఒడ్డున సూర్ అనే ఊరికి, మన దేశపు ఇంజినీరొకాయన ఇంట్లో పిల్లల్ని చూసుకునే పనికి పోయింది. పోయిన కొన్నాళ్ళకే ఒళ్ళంతా నీటిపొక్కులు లేచాయి. తల్లి పోసిందని ఆమెకు అర్థమైంది. తమ పిల్లలకు అంటుతుందని ఇంజినీరు భార్య ఆమెను ఇంటి వెనక రేకుల కొట్టులో పెట్టింది. బయట నిప్పులు చెరిగే ఎండ. గడప దగ్గర ఒక నీళ్ళ సీసా, రొట్టె ముక్క పెట్టి దూరం నుంచే వెళ్ళిపోయేది.

గోడ అవతలి ఇల్లు జువైనాది. మొగుడు పోయిన మనిషి. రాత్రంతా మూలుగు విని, తెల్లారగానే కొడుకును తీసుకుని వచ్చింది. ఇంజినీరు భార్యతో ఏమందో అరబ్బీలో, ఆండాలుకు అర్థం కాలేదు. అర్థమైందల్లా ఒకటే. ఆ తల్లీకొడుకులు తనను చెరో రెక్కా పట్టుకుని నడిపించి, వాళ్ళింట్లో, జువైనా మంచం మీదనే పడుకోబెట్టారు.

"నాకు చిన్నప్పుడే వచ్చిపోయింది. ఫికర్ చేయకు" అని బుగ్గ మీది పాత మచ్చ చూపించింది జువైనా.

వేపాకు కావాలని ఆండాలు సైగలు చేసింది. ఆకు బొమ్మ గీసి చూపించింది. అప్పటికి మీసాలు కూడా రాని హమద్, సముద్రం రోడ్డు పక్కన చెట్టెక్కి మండలు విరిచి మోపు కట్టుకుని వచ్చాడు. జువైనా వాటిని పక్కంతా పరిచింది. దురద లేచినప్పుడల్లా మండతో మెల్లగా రాసేది. అది ఏ దేవత కోసమో ఆమెకు తెలియదు. ఆండాలు అడిగింది కాబట్టి చేసింది.

తలకు పోసుకున్న రోజున పెద్ద పళ్ళెంలో అన్నం పోసి, మీద వేయించిన చేప పెట్టి, చుట్టూ అందరూ కూర్చున్నారు. ఆండాలు ఒక మూలకు ఒదిగి నిలబడితే జువైనా చెయ్యి పట్టి గుంజి పక్కన కూర్చోబెట్టుకుంది. ముల్లు తీసిన చేప ముక్కలు ఒక్కొక్కటే ఆమె వైపు అన్నంలోకి నెట్టింది. తిన్నాక చిన్న కప్పుల్లో కాఫీ పోశారు. చాలు అనాలంటే కప్పును కాస్త ఊపి ఇవ్వాలట. ఆండాలుకు ఆ సంగతి తెలియక, పోసినన్ని సార్లూ మర్యాదకు తాగుతూనే పోయింది. చివరికి హమద్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇల్లంతా నవ్వింది.

తిరిగొచ్చాక ఆండాలు ఈ కథ చెప్పినప్పుడల్లా అత్త కాశమ్మ కళ్ళొత్తుకునేది. "ఆ తల్లి కడుపు సల్లగుండ. ఏ దేశపామెనో ఏమో, మా కోడల్ని కాపాడింది" అని తనే వాడకట్టంతా చెప్పుకొచ్చింది.

అందుకే ఇంట్లో ఎవరైనా కాదంటారని ఆండాలు కలలో కూడా అనుకోలేదు.

ఆ సాయంత్రం వేణుగోపాల్ అన్న జగదీశ్వర్ వచ్చాడు. పక్క వాటాలోనే ఉంటాడు. ఆ ఏడు బోనాల కమిటీలో చోటు దొరికింది. గల్లీ మొదట్లో దండం పెడుతున్న అతని ఫోటోతో ఫ్లెక్సీ కూడా కట్టారు.

"ఏందమ్మా, ఎవలో బుర్ఖామె మనింటికి వస్తుందట గదా?"

"సూర్ల జువైనక్క, బావా. మీకు ఎరికే గదా."

"ఎరికే. మంచి మనిషే. నేనేమన్న కాదన్ననా? కాని గిది బోనాల టైము. నేను కమిటీల ఉన్న. నలుగురు నాలుగు తీర్ల అంటరు. మంచిగ హోటల్ల తినిపియ్యిరి."

ఆండాలు భర్త వైపు చూసింది. వేణుగోపాల్ ఫోన్‌లో ఏదో చూసుకుంటున్నాడు. తెల్లారి లేస్తే అతను పాలు పోసేది అఫ్జల్‌గంజ్ దిక్కు చాయ్ హోటళ్ళకు. అక్కడ హోటలు నడిపే భాయ్ పక్కన కూర్చుని, భాయ్ తాగే కప్పులోనే చాయ్ తాగి, బిస్కెట్ ముంచుకుని తిని ఇంటికొస్తాడు.

"అన్న చెప్పేది గూడ నిజమే గదనే. అఫ్జల్‌గంజ్ల మస్తు హోటళ్ళున్నయి" అన్నాడు తలెత్తకుండా.

"నేను ఆమె మంచం మీద పండిన. ఆమెను తీస్కపోయి హోటల్ల కూసోబెట్టాల్నా?"

చాలాసేపు లొల్లి అయింది. కాశమ్మ మధ్యలో పడి తీర్పు చెప్పింది. "రానియ్యి. ఎవలొద్దన్నరు? వాకిట్ల కుర్చేసి కూసోబెట్టు. లోపట బోనం కుండకు సున్నం పూసి పెట్టిన. గడప దాటొద్దు. పేపర్ ప్లేట్లు తెచ్చుకో."

ఆండాలు ఒప్పుకుంది. అసలు రాకపోవడం కంటే వాకిట్లో కూర్చోవడం నయం కదా అనుకుంది. అట్లా అనుకున్నందుకు తర్వాత తన మీద తనకే అసహ్యం వేసింది.

బోనాల ముందటి ఆదివారం పొద్దున్నే పుంటికూర మటన్, బగారన్నం వండింది. షుగరు మనిషి కదా అని సేమియాలో చక్కెర పేరుకు మాత్రం వేసింది.

గల్లీలో షామియానా గుంజలు పాతారు కాబట్టి ఆటో లోపలికి రాలేదు. జువైనా ఒక చేత కర్ర, ఒక చేత కొడుకు భుజం పట్టుకుని, గుంతలు తప్పించుకుంటూ నడిచి వచ్చింది. మనిషి బాగా ఒళ్ళు చేసింది, నల్ల బట్ట కింద పూలపూల గౌను అంచు కనిపిస్తోంది. ఆండాలును చూడగానే కర్ర కొడుకుకిచ్చి రెండు చేతులా వాటేసుకుంది. కాశమ్మ వెనక్కి జరిగేలోపే దగ్గరకు పోయి ఆమె నెత్తి మీద ముద్దు పెట్టింది. వాళ్ళ ఊళ్ళో పెద్దవాళ్ళకు అట్లాగే దండం పెడతారు. హమద్ హల్వా డబ్బా, కాశమ్మకని తెచ్చిన చీర గుడ్డ అందించాడు. కాశమ్మ వాటిని తీసుకుంది. తీసుకుని అరుగు మీద పెట్టింది.

జగదీశ్వర్ గేటు దగ్గర నిలబడి నవ్వు మొహంతో "సలామలేకుం" అన్నాడు. వేణుగోపాల్ కుర్చీ తుడిచి వేశాడు. అందరూ బాగానే మాట్లాడారు. చూసినవాళ్ళెవరైనా మర్యాదకు లోటేముంది అనుకుంటారు.

అన్నం పెట్టేసరికి తుంపర మొదలైంది. పైన కట్టిన తాడిపత్రి పట్టా మూలల నుంచి నీళ్ళు కారి జువైనా భుజం మీద పడుతున్నాయి.

"అత్తమ్మా, వాన పడుతున్నది" అంది ఆండాలు.

"తాడిపత్రి ఉన్నది గదా. కుర్చీ జెర ఇటు గుంజుమను."

జువైనా కుర్చీ జరుపుకుంది. ఒళ్ళో ఉన్న పేపరు ప్లేటును, పక్కన పేపరు గ్లాసును చూసి, "నా కోసం అన్నీ కొత్తవి తెచ్చినవా?" అని హిందీలో అడిగింది. మొహం వెలిగిపోతోంది.

"అవునక్కా. కొత్తవే" అంది ఆండాలు.

"ఒక్కదాన్నే ఎట్లా తినాలె? కూర్చో."

ఆండాలు నేల మీద కూర్చుని, జువైనా ఒళ్ళోని ప్లేటులోంచే ఒక ముద్ద తీసుకుని తిన్నది. గడప దగ్గర కాశమ్మ మొహం తిప్పుకుంది.

తిన్న కాసేపటికి జువైనా వంగి, సిగ్గుపడుతూ ఆండాలు చెవిలో అడిగింది. బాత్రూం ఎటు అని.

షుగరు మనిషి. అంత దూరం నుంచి వచ్చింది. ఆండాలు ఆ సంగతి ముందే ఎందుకు ఆలోచించలేదో! బాత్రూంకు పోవాలంటే ఇంటి నడిమింట్లోంచే దారి. ఆమె లేచి జువైనా చెయ్యి పట్టుకుంది. రెండు అడుగులు వేసేసరికి కాశమ్మ గడప మీద కాలు పెట్టి ద్వారానికి అడ్డంగా నిలబడింది.

"లోపట తల్లి కుండ ఉన్నదని చెప్పిన్నా లేదా?"

"అత్తమ్మా, ఆమెకు షుగరు. ఆగలేదు. జెర జరుగు."

"మూల మలిగితె సులభ్ ఉన్నది గదమ్మా" అన్నాడు గేటు దగ్గర్నుంచి జగదీశ్వర్.

"ఏమయ్యా, నువ్వన్న చెప్పు" అంది ఆండాలు భర్తతో.

వేణుగోపాల్ తల్లిని చూశాడు, అన్నను చూశాడు. "పక్కింటోళ్ళను అడిగి వస్త ఉండు" అని చెప్పులు వేసుకోబోయాడు.

ఆండాలుకు కళ్ళు మంటెత్తాయి. "నాకు తల్లి పోసినప్పుడు ఎవలు చేసిన్రు అత్తా? నువ్వు చేసినవా? గీమెనే గదా యాపమండలు పరిచింది!" అని అరిచింది. కాశమ్మ తల దించుకుంది. కాలు మాత్రం తీయలేదు.

జువైనాకు తెలుగు రాదు. రావాల్సిన పని కూడా లేకపోయింది. ఆమె గడప మీది కాలును చూసింది. తన కుర్చీని, తడుస్తున్న పేపరు ప్లేటును చూసింది. ఆండాలు చేతిలోంచి తన చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

"పర్వాలేదు అందాల్. లాడ్జి దగ్గరనే" అంది.

దగ్గర కాదు. వానలో ఆటో దొరకడమే కష్టం. హమద్ తల్లి చేతికి కర్ర ఇచ్చి, ఆమెను భుజానికి ఆనించుకుని గల్లీలో నడిపించాడు. వెనక పరుగెత్తిన ఆండాలు వైపు ఒకసారి తిరిగి, "మీరు ఉండండి" అన్నాడు మంచి హిందీలో. ఆ గొంతులో కోపం లేదు. ఏమీ లేదు. దారి పొడవునా జువైనా పళ్ళు బిగబట్టి నడిచింది. ఆటో ఎక్కబోయేసరికి ఆమె నడక ఆగిపోయింది. హమద్ తన పై బట్ట తీసి తల్లి నడుముకు చుట్టాడు. గౌను అంచు వాన వల్లే తడిసిందో, మరెందువల్లో, షామియానా కింద నిలబడ్డ వాళ్ళు చూడనట్టు మొహాలు తిప్పుకున్నారు.

మర్నాడు ఆండాలు సేమియా డబ్బా పట్టుకుని లాడ్జికి పోయింది. జువైనా మంచం మీదనే కూర్చుని ఉంది. "రా, రా" అంది. ఫ్లాస్కులోంచి కాఫీ పోసింది, ఖర్జూరాలు ముందు పెట్టింది, పాలసెంటర్ బాగోగులు అడిగింది. ఆండాలు ఏడుస్తూ నిన్నటి మాట ఎత్తబోతే, "మీ అత్తగారు పెద్ద మనిషి. ఆమె ఆరోగ్యం ఎట్లా ఉంది?" అని మాట మళ్ళించింది. ఎన్నిసార్లు ఎత్తబోయినా అంతే. ఒక్క నిష్ఠూరమాడితే కాళ్ళ మీద పడి ఏడ్చేది. ఆ సందు కూడా ఇవ్వలేదు.

కాసేపటికి హమద్ చిన్న మట్టి పాత్రలో సాంబ్రాణి వెలిగించి తెచ్చి ఆండాలు ముందు పెట్టాడు. సూర్‌లో ఉన్నప్పుడు జువైనా ఇంట్లో ఆమె ఇది చాలాసార్లు చూసింది. బయటివాళ్ళు వచ్చి, ఇక లేచే వేళైందంటే సాంబ్రాణి పొగ తెచ్చి చూపిస్తారు. అది మర్యాదగా సెలవివ్వడం. తన ముందు మాత్రం ఆ ఇంట్లో ఒక్కనాడూ పెట్టలేదు. ఇంట్లో మనిషికి ఎవరూ పెట్టరు.

ఆండాలు పొగను కొంగుకు పట్టించుకుని లేచింది. ఆపరేషన్ అయినన్నాళ్ళూ దగ్గరుండి చూసుకుంటానని గుమ్మం దగ్గర అడిగింది. "మనిషిని మాట్లాడుకున్నాం" అన్నాడు హమద్. ఆ తర్వాత వాళ్ళు ఎప్పుడు వెళ్ళిపోయారో లాడ్జివాడు చెబితేగాని ఆమెకు తెలియలేదు.

దసరా ముందర జగదీశ్వర్ ఒక సాయంత్రం కొడుకు శ్రవణ్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఈసారి గొంతు చాలా మెత్తగా ఉంది.

"ఆండాలమ్మా, వీడు ఐటీఐ చేసి ఖాళీగ తిరుగుతున్నడు. మీ జువైనక్క కొడుకు ఏదో కంపెనీల పెద్ద పనిల ఉన్నడంటివి గదా. ఒక వీసా సంగతి అడిగి చూడు."

"గా తల్లి కాదనదు" అంది లోపల్నుంచి కాశమ్మ. "మస్తు మంచి మనిషి. మన ఆండాలంటే పాణం."

ఆండాలు ఆ మాట అన్న మనిషి వైపు చూసింది. కాశమ్మ వేళాకోళమాడడం లేదు. నిజంగానే అంటోంది.

"అడిగితే ఇస్తది అత్తమ్మా. గందుకే అడగను" అంది.

జగదీశ్వర్ మొహం మాడిపోయింది. "ఇంటి పిల్లగాని కంటె బయటోళ్ళు ఎక్కువైన్రా నీకు?" అని లేచిపోయాడు. శ్రవణ్ తలవంచుకుని తండ్రి వెంట పోయాడు. రాత్రి అన్నం దగ్గర వేణుగోపాల్ కూడా, "ఒక్క ఫోన్ చేస్తె నీ సొమ్మేం పోతుండె?" అన్నాడు. ఆ వాటా వాళ్ళు అప్పటినుంచి ఆండాలుతో మాట్లాడటం లేదు. ఆమెకు అదేమంత కష్టంగానూ లేదు.

చలికాలంలో ఒక పొద్దున ఆండాలు ఫోన్‌లో జువైనా స్టేటస్ కనబడింది. సముద్రం ఒడ్డున, కర్ర లేకుండా మెల్లమెల్లగా నడుస్తోంది. అందరి కోసం పెట్టింది. ఆండాలుకని పంపింది కాదు. గాలికి పూలగౌను ఎగురుతోంది, ఫోన్ పట్టుకున్న వాళ్ళెవరో నవ్వుతున్నారు. ఆండాలు దాన్ని మళ్ళీ మళ్ళీ చూసింది. ఏదైనా రాద్దామని అక్షరాల మీద వేలు పెట్టింది.

"అక్కా, అద్దలీటరు" అని ఎవరో గిన్నె చాపారు. ఫోన్ గల్లాపెట్టె మీద బోర్లా పెట్టి, ఆండాలు పాలు పోసింది.