నలభై ఏడు నల్లులు

అత్తగారికి మేడమీద ఇక మిగిలింది ఒక్క తేనెటీగల పెట్టె. మిగతా రెండింటినీ నిరుడు ఎర్రనల్లి తినేసింది. ఆవగింజలో సగం ఉండదు, ఈగ ఒంటికి అంటుకుని పెట్టెకు పెట్టెనే ఖాళీ చేస్తుంది, దాని మొహం మండ! మూడు వందల ఈగల్లో తొమ్మిది నల్లులు దాటితే పెట్టెను ఊరు దాటించాలని పెంపకందారుల సంఘం కట్టడి. కుట్టుపని మానేశాక అత్తగారికి కబుర్లన్నీ ఆ ఈగలతోనే. అందుకే నల్లుల పరీక్ష పెట్టుకున్న ఆ ఉదయం ఆవిడకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

పరీక్షకు కావలసింది గాజుసీసా, జల్లెడ మూత, పంచదార పొడి. పొడి తెచ్చే పూచీ కోడలిది. బేకరీలో పనిచేసే మనిషికి అదొక లెక్కా? అరకప్పు ఈగల్ని, అంటే ఓ మూడు వందలని, సీసాలో పోసి, పొడి వేసి ఊపితే, నల్లులు పట్టు జారి కింద పళ్లెంలో రాలతాయి. ఈగలకేమీ కాదు, ఒళ్లంతా తెల్లగా చేసుకుని తిట్టుకుంటూ ఎగిరిపోతాయి.

కోడలు ఊపింది. పళ్లెంలో నీళ్లు చల్లింది. పంచదార కరిగిపోయి ఎర్రటి నలకలు తేలాయి.

"ఎన్నున్నాయే?" అంది అత్తగారు కళ్లు గట్టిగా మూసుకుని.

"నలభై ఏడు అత్తయ్యా."

అత్తగారు ఉన్నచోటే కూలబడింది. "కొంప మునిగింది. వీటిని కూడా పంపించేసి నేనెవరితో మాట్లాడాలే?"

ఆవిడ ఏడుపు చూడలేక కోడలు పళ్లెం మీదికి వంగింది. ఎంత వెతికినా ఆ నల్లులకు కాళ్లు కనబడలేదు. వేలితో ఒకటి అద్ది, ఠక్కున నాలుక మీద పెట్టుకుంది.

"ఛీ ఛీ! నీకేమైనా పిచ్చా?"

"అత్తయ్యా, దాల్చినచెక్క!"

బన్నుల మీద చల్లే, దాల్చినచెక్క కలిపిన పొడి డబ్బా పట్టుకొచ్చేసింది మహాతల్లి! పొద్దస్తమానం ఆ వాసనలోనే బతికే ముక్కుకు తేడా ఎలా తెలుస్తుంది? ఈగలు కుట్టకుండా పొగబెట్టిన అత్తగారి ముక్కు నిండా పొగే.

కోడలు బేకరీకి పరుగున వెళ్లి అసలు పొడి తెచ్చింది. మళ్లీ సీసా, మళ్లీ ఊపుడు, మళ్లీ నీళ్లు. ఈసారి అత్తగారే భూతద్దం పెట్టి లెక్కపెట్టింది. రెండు. మూడుసార్లు లెక్కపెట్టినా రెండే.

ఆవిడకు పోయిన ప్రాణం లేచొచ్చింది. ముఖానికున్న వలముసుగు తీయకుండానే కోడల్ని పట్టుకుని మేడంతా గిరగిరా తిప్పేసింది.

"ఒసే, నిజంగా నల్లులే అయ్యుంటే ఏం చేసేదానివే?" అంది రొప్పుతూ.

"మీ పెట్టె పోతుంటే ఊరుకుంటానా అత్తయ్యా? తొమ్మిది మిగిలేదాకా నాకేసేదాన్ని!"