బావ బత్తా

రాఘవేందర్‌ను విత్తనాల కంపెనీ కొన్ని నెలల పనిమీద గద్వాల నుంచి నాగర్‌కర్నూల్‌కు పంపినప్పుడు, లాడ్జికీ భోజనానికీ అని రోజువారీ బత్తా కూడా ఇచ్చింది. ఆయన లాడ్జి గడప తొక్కితే ఒట్టు. బ్యాగు భుజాన వేసుకుని నేరుగా ఆ దగ్గర్లోని తెలకపల్లిలో మరదలు ఉమ ఇంట్లో దిగాడు.

అక్క మొగుడాయె. ఉమ ముందుగది ఖాళీ చేసి ఇచ్చింది. పొద్దున రొట్టెలు, మధ్యాహ్నానికి టిఫిన్ డబ్బా, రాత్రికి అన్నం, ఆదివారమైతే కోడికూర. ఇంత తింటూ ఆయన ఒక్కనాడు మెచ్చుకున్న పాపాన పోలేదు. "మీ అక్క రొట్టె తమలపాకు లెక్క పల్చగ చేస్తది" అంటూనే నాలుగోది అందుకునేవాడు. మొదట్లో ఉమకు నవ్వొచ్చేది. పోనుపోను, తిని లేచి తువ్వాలు కోసం ఆయన చెయ్యి చాపే తీరు చూస్తేనే ఒళ్లు మండేది.

జనవరిలో ఒక సాయంత్రం ఆయన ఒక కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"జర సంతకం పెట్టు ఉమా."

"ఏంది బావా ఇది?"

"బత్తాల తిండికి, కిరాయికి ఖర్చయినంత వరకే ట్యాక్సు పడది. మిగిలినదానికి కట్టాలె. ఖర్చుకు రుజువు అడుగుతున్రు. నీ ఇంట్ల కిరాయికి ఉన్న, పైసలు తీసుకుని నువ్వు అన్నం పెట్టినవ్ అని రాసిన. గంతే."

ఉమ చదివింది. గది కిరాయి, భోజనం, అంతా పైకం ముట్టినట్టే ఉంది. కింద ఆమె పేరు.

"నేను పైసలు ముట్టలే గదా?"

"ఎవడొచ్చి అడుగుతడు?" రాఘవేందర్ నవ్వాడు.

అప్పుడే చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటున్న ఆమె భర్త కురుమూర్తికి షడ్డకుడంటే మొహమాటం. "సంతకమే గదా, పెట్టరాదు" అన్నాడు.

ఉమ కదల్లేదు. రాఘవేందర్ జేబులోంచి ఐదువందల నోటు తీసి కాగితం మీద పెట్టాడు. "ఉట్టిగనే ఎందుకు, చీర కొనుక్కో."

ఆ నోటు చూసేసరికి ఆమెకు కోపం కూడా రాలేదు. ఇన్నాళ్లూ పీట వేసి కూర్చోబెట్టింది ఈ మనిషినా అని అసహ్యం వేసింది.

"గద్వాలల పుట్టినోనివి, ఐదువందలకు చీరొస్తదని నీకెవరు చెప్పిన్రు బావా? నేను నీకు అన్నం పెట్టిన, అమ్మలే. నీ ట్యాక్సు కోసం నన్ను హోటలుదాన్ని చేస్తివి. రేపటి సంది నిజం హోటల్లనే తిను. బిల్లు గూడ నిజందే ఇస్తరు."

కాగితం, నోటు రెండూ ఆయన ఒళ్లో పడేసి లోపలికి పోయింది.

తెల్లారి ఆయన బ్యాగు సర్దుకుని వెళ్లిపోయాడు. రొట్టెలు తినే వెళ్లాడు.

ఆ మధ్యాహ్నమే అక్క మాలతి ఫోను చేసింది. "రెండు రొట్టెలు బరువైనయానే నీకు? ఉట్టిగ పెట్టినవా ఏంది? నెలనెల పైసలు తీసుకుంటనే ఉంటివి గదా!"

"ఏ పైసలక్కా?"

"బత్తా అంత నీకే ఇస్తున్న అని చెప్పె మీ బావ. పిల్లల ఫీజుకు గూడ మిగుల్తలేదనె."

"అక్కా, ఆయన మా ఇంటికి ఉప్పు పొట్లం గూడ తేలే. పైసలు ముట్టినయని కాగితం మీద సంతకం పెట్టుమన్నడు."

మాలతి గొంతు మారింది. "ఆ కాగితం మీద సంతకం పెట్టినవా?"

"లేదు."

"పెట్టకు."

రుజువు లేదు కాబట్టి కంపెనీ ఆయన జీతంలో ట్యాక్సు కోసింది. అన్ని నెలల బత్తా ఎక్కడ దాచాడో మాలతి కక్కించింది. అయినా ఆయన చుట్టాలందరికీ చెప్పుకున్నది ఒక్కటే: మరదలు అన్నం దగ్గర లేపి పంపిందని.

ఎండాకాలంలో మల్దకల్‌లో చుట్టాల పెండ్లికి అందరూ కలిశారు. బంతిలో వడ్డిస్తున్న ఉమకు ఆయన కూర్చున్న వరుస వచ్చింది. ఆమె కూర గిన్నె పక్కనున్నామె చేతికిచ్చి, అవతలి వరుసకు పోయింది.