ఒంటి వైరు దీపం

బావ ఇంట్లో లేడని అక్క ఫోన్ చేయగానే కరెంటు మేస్త్రీకి ఒళ్లు బరువెక్కింది. పన్నెండేళ్లుగా ఇదే తంతు. అందరి ఇళ్లలోకీ ముందు గుమ్మంలోంచి దర్జాగా వెళ్లే మనిషి, సొంత అక్క ఇంటికి మాత్రం ఆమె మొగుడు లేని వేళ చూసుకుని దొంగలా పోవాలి. వయసు యాభై దాటింది, మోకాళ్లు మొరాయిస్తున్నాయి. అయినా సంచీ భుజాన వేసుకుని బయల్దేరాడు.

బావ రైతే గానీ, చేతికి కటింగ్ ప్లేయరు దొరికితే ఇంజనీరైపోతాడు. పొలంలో ఇల్లు, వెనక పశువుల పాక, దాని పక్కన బోరు. అన్నిటికీ వైరింగు తనే చేసుకున్నాడు. అందులో ఆయన గొప్పగా చెప్పుకునేది పాకలో దీపం. దీపానికి రెండు వైర్లు కావాలని లోకమంతా అనుకుంటుంది కదా, ఆయన ఇంటి నుంచి ఒక్కటే లాగాడు. రెండోదాని బదులు దీపం నుంచి ఒక చిన్న ముక్క తీసి నీళ్ల ఇనప పైపుకి చుట్టేశాడు. దీపం వెలిగింది, ఆయన మీసం మెలేశాడు. ఆ పైపే ఆవుల తొట్టి దాకా పోతుందనీ, నేల ఎండిపోతే కరెంటు భూమిలోకి దిగక ఇనుములోనే కాచుకుని ఉంటుందనీ ఆయనకి పట్టలేదు. తొట్టిలో మూతి పెట్టి ఆవు వెనక్కి గెంతితే దానికి పొగరెక్కిందన్నాడు.

అప్పట్లో మేస్త్రీ ఉండబట్టలేక, ఇది ప్రాణాల మీదకొస్తుంది బావా అన్నాడు. నా ఇంట్లో నాకే పాఠాలా అని బావ మొహం గంటు పెట్టుకున్నాడు. రెండేళ్లు మేస్త్రీ వాళ్ల గడప తొక్కలేదు, అక్కని తొక్కనివ్వలేదు. ఆ రెండేళ్లలోనే అమ్మ మంచాన పడి పోయింది. అక్క చివరి చూపుకి కూడా రాలేదు. మళ్లీ మాటలు కలిశాక తమ్ముడి చేత ఒట్టు వేయించుకుంది. బాగుచెయ్యి, ఆయనకి మాత్రం తెలియనివ్వకు అంది.

అందుకని మేస్త్రీ, బావ ఇంట్లోంచి రెండో వైరు లాగి, పాక వాసాల చాటున దాచాడు. పైపుకి చుట్టిన ముక్కని దీపం దగ్గర కోసేసి, కోసినట్టు కనబడకుండా టేపు చుట్టాడు. పైపు మీద చుట్టు చుట్టులాగే ఉంది, దీపం దీపంలాగే వెలుగుతోంది. అప్పట్నుంచీ బావ వేసిన ప్రతి జాయింటూ విప్పి మళ్లీ వేయడం ఈయన వంతయింది. చేసిన మంచిపనిని దొంగసొత్తులా దాచుకోవడమంత అలుపు ఇంకోటి లేదు.

ఆ రోజు మోటారు పెట్టెలో ఫ్యూజు తీగ బదులు బావ లావుపాటి రాగి తీగ బిగించి ఉంచాడు. మేస్త్రీ అది పీకేసి సరైనది వేసి, తన చేతి మరకలు కూడా తుడిచాడు. చేతులు కడుక్కుంటూ, ఇంతకీ బావ ఎక్కడికెళ్లాడని అడిగాడు.

పక్క పొలంలో కోళ్లామె షెడ్డుకి దీపం పెట్టడానికి వెళ్లాడని చెప్పింది అక్క. మీ ఇంట్లో ఇన్నేళ్లుగా ఒక్క షాకూ లేదు, మీ హస్తవాసి మంచిదని ఆమే బతిమాలిందట. మాట పూర్తయ్యేలోపే అక్క తమ్ముడి చెయ్యి పట్టుకుంది.

"చెప్పకురా తమ్ముడూ. ఈసారి నిన్ను మళ్లీ చూడనివ్వరు."

మేస్త్రీ చెయ్యి విడిపించుకుని గట్లకడ్డంపడి నడిచాడు. అక్క అన్నది నిజమేనని తెలుసు. తనకి మిగిలిన తోబుట్టువు ఆమె ఒక్కతే.

కోళ్ల షెడ్డులో బావ స్టూలెక్కి ఉన్నాడు. వైరు ముక్క అప్పటికే పైపుకి చుట్టేశాడు. కోళ్లామె అదే పైపు కుళాయి కింద, వట్టి కాళ్లతో తడి నేల మీద నిలబడి గిన్నెలు కడుగుతోంది. మేస్త్రీ ఎవర్నీ పలకరించకుండా మెయిన్ ఆపేశాడు.

ఏంట్రా ఇది అని బావ కసిరాడు. తన పాకలో పద్నాలుగేళ్లుగా వెలుగుతున్నది ఇక్కడెందుకు వెలగదన్నాడు.

"మీ పాకలో వెలుగుతున్నది దీనివల్ల కాదు బావా. ఆ ముక్క నేను పన్నెండేళ్ల కిందటే కోసేశాను. లోపల్నుంచి రెండో వైరు లాగాను. మీరు చేసినవన్నీ మీరు లేనప్పుడు విప్పి మళ్లీ చేశాను. ఆ ఇంట్లో ఎవరూ పోలేదంటే అందుకే."

అరుస్తాడని ఎదురుచూశాడు. ఎప్పటికీ మా గడప తొక్కకు అనే మాట కోసం మనసుని రాయి చేసుకున్నాడు. బావ అరవలేదు. మెల్లగా దిగి ఆ స్టూలు మీదే కూలబడి, వేళ్లు మడవడం మొదలుపెట్టాడు. దర్జీ ఇంటి స్నానాలగది. తోటమాలి షెడ్డు. బడిలో పిల్లలు చేతులు కడుక్కునే చోటు. అన్నీ ఇలాగే పైపుకి చుట్టానన్నాడు. అన్నీ మొన్న వానాకాలంలోనే చేశాడట.

ఇప్పుడు నేల నెర్రెలిచ్చి ఉంది.  ఒక్క ఇంటిని కాపాడుకుంటున్నానని మేస్త్రీ ఇన్నాళ్లూ మురిసిపోయాడు. ఆ కాపాడటం వల్లే అందరూ బావని నమ్మారు.

"అప్పుడే చెప్పొచ్చు కదరా," అన్నాడు బావ. ఆ గొంతులో కోపం వెతికినా లేదు.

"మీరు నొచ్చుకుంటారని, బావా."

బావ తల తిప్పి, బడి భోజనానికి ఎన్నింటికి వదులుతారని కోళ్లామెని అడిగాడు. ఆమె గడియారం చూసి, ఇప్పుడే అంది.