తొమ్మిది నెలల సైంటిస్టు

మిడిల్ పాయింట్ బజార్లో చెప్పుల దుకాణం మీద మేడగది. తొమ్మిది నెలల డిప్లొమాతో క్యాన్సర్ సైంటిస్టు అయిపోవచ్చని గోడ మీద బోర్డు. దాని కింద టై కట్టుకుని కూర్చున్న మోహన్‌కృష్ణను సత్యారావు గుమ్మంలోంచే కొలిచేశాడు. నలభై ఏళ్లు బాంబూఫ్లాట్‌లో డింగీ పడవల ఇంజన్లు బాగుచేసిన మనిషి. పైన రంగేసి లోపల తుప్పు పట్టినదాన్ని పోల్చుకోవడానికి అతనికి చదువక్కర్లేదు.

కొడుకు ప్రదీప్‌కే ఆ కన్ను లేకపోయింది. బి.ఎస్సీ. జువాలజీ పాసైన తన కూతురు ధరణి ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఆ డిప్లొమా కోసం తెచ్చి ఈ పెద్దమనిషి చేతిలో పోశాడు. ఇప్పుడు పిల్లకి పాండిచ్చేరిలో ఎమ్మెస్సీ సీటొచ్చింది. ఈ దీవి నుంచి రేపే చెన్నై షిప్. ఒరిజినల్స్ చూపించకపోతే సీటు పోతుంది.

తాత వెంట వచ్చిన ధరణి తన ఫైలు అడిగింది. అది హైదరాబాద్ హెడ్డాఫీసుకు వెళ్లిపోయిందనీ, వచ్చే నెల చూద్దామనీ మోహన్‌కృష్ణ నవ్వాడు. ఎమ్మెస్సీ చదివి ఎలకలకు మేత వేసుకుంటావా అని వెటకారం కూడా చేశాడు.

సత్యారావు తలుపుకెదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గంట గడిచింది. చాయ్ తాగుతారా దాదా అని మోహన్‌కృష్ణ అడిగితే వద్దని తలూపాడు.

అంతలో డెలానీపూర్ నుంచి కామమ్మ అనే ఆవిడ, కూతురి సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని వచ్చింది. సత్యారావు అప్పుడు నోరు తెరిచాడు.

"ధరణీ, నాకు సెప్పినావు కదా, సైంటిస్టయ్యే దారేటో ఈయమ్మకీ సెప్పు."

ధరణి చెప్పింది. డిగ్రీ తర్వాత ఎమ్మెస్సీ రెండేళ్లు. ఆపైన దేశమంతా రాసే పరీక్ష. అది గట్టెక్కితే ఫెలోషిప్పు, పీహెచ్‌డీ ఐదారేళ్లు. డాక్టరు చదివినవాళ్లు ఇంకో దారిన వస్తారు, వాళ్లకీ ఏళ్లే పడతాయి. నెలల్లో తేలిపోయేది ఎక్కడా లేదు.

కామమ్మ మోహన్‌కృష్ణ వైపు తిరిగింది. "నువ్వేటి సదివినావు భయ్యా?"

తనది మేనేజ్‌మెంట్ సైడ్ అన్నాడతను. కామమ్మ సంచిని చంకలోకి లాక్కుంది. మెట్ల మీద ఇంకెవరో ఎక్కివస్తున్న చప్పుడు. వాళ్లకీ చెప్పిద్దామన్నట్టు సత్యారావు కుర్చీ తలుపు దగ్గరికి జరుపుకున్నాడు.

హైదరాబాద్ వెళ్లిందన్న ఫైలు మోహన్‌కృష్ణ బల్ల సొరుగులోంచే వచ్చింది.

ధరణి ఒక్కో కాగితం చూసుకుంది. అన్నీ ఉన్నాయి. మోహన్‌కృష్ణకు అప్పుడు పౌరుషం పొడుచుకొచ్చింది. అన్నేళ్లు చదివేసరికి మీ పిల్ల ముసలిదైపోతుందన్నాడు.

"పని నేర్సుకుని ముసల్దవుతాది" అన్నాడు సత్యారావు. "నువ్వూ ముసలోడివవుతావు. ఏటి నేర్సుకుని?"

జవాబు కోసం ఆగాల్సినంత మనిషి కాదనుకున్నాడో ఏమో, మనవరాలి వెనకే మెట్లు దిగిపోయాడు.