ఇరవై బారలకొకసారి

హోటలు వరండాలో నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేసి ఉన్నాయి, అయినా నూకరత్నానికి అదేమీ వింతగా లేదు. రాయపూర్‌లో ఆ హోటల్లో ఎప్పుడు దిగినా ఏదో ఒకటి కారుతూనే ఉంటుంది కనక, ఈసారి పెద్ద పైపే పోయి ఉంటుందిలే అనుకుని, పరుగు బూట్లు రెండూ లేసులు ముడేసి మెడలో వేసుకుని నడుస్తోంది. తలుపుల మీద గది నంబర్లకు బదులు ఆమె బాగుచేసే డయాలిసిస్ మెషీన్ల నంబర్లున్నాయి, ఒక్కో తలుపు వెనకాల ఒక్కో మెషీను గుర్రుమంటోంది, లోపలినుంచి ఎవరో "ఇంజనీరమ్మ వచ్చిందా?" అని అడిగితే, "ఈత అయ్యాక వస్తానండీ" అని నడుస్తూనే జవాబు చెబుతోంది. నీళ్లు నడుము దాకా వస్తాయి. చేత్తో తీసి నోట్లో పోసుకుని చూస్తే ఉప్పగా ఉంటాయి.

వరండా చివర గోడ ఉండాలి, కానీ లేదు. అక్కడ పొడుగ్గా ఇనప కమ్మీలు పాతి, వాటికి వందల సైకిళ్లు వేలాడదీసి ఉన్నాయి, ప్రతి సైకిలు కిందా మడిచిన తువ్వాలు, నీళ్ల సీసా. ట్రయథ్లాన్ పందెంలో ఈత ముగించి వచ్చినవాళ్లు సైకిలెక్కే చోటు అది. సైకిలు అయ్యాక మళ్లీ అక్కడికే వచ్చి బూట్లేసుకుని పరుగందుకోవాలి. ఆ సైకిళ్ల మధ్య, ప్లాస్టిక్ కుర్చీలో, నీలం గళ్ల లుంగీ కట్టుకుని, నెత్తిన పోర్టు హెల్మెట్టు పెట్టుకుని, కాగితం పొట్లంలోంచి మురీ మిక్చరు తింటూ ఆమె అన్న పైడిరాజు కూర్చుని ఉన్నాడు.

"ఏటే రత్నం, ఇంత లేటేటి? మిక్చరు మెత్తబడిపోనాది" అంటాడు.

"నువ్వు పోయేవు కదన్నియ్యా" అంటుంది ఆమె, మతిమరుపు మనిషికి గుర్తుచేసినట్టు.

"పోతే? ఆకలెయ్యదేటి?"

అదీ నిజమే అనిపిస్తుంది. పైడిరాజు పోయి నాలుగు నెలలైంది, పోర్టులో క్రేను దిగి మధ్యాహ్నం క్యారేజీ విప్పుకుని, రెండో ముద్ద నోట్లో పెట్టకుండానే తల వాల్చేశాడు, అంటే ఆ లెక్కన ఆకలి మిగిలిపోయే ఉంటుంది మరి. ఆమె పక్కన కూర్చుంటుంది, కూర్చోడానికి కుర్చీ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. అతను పొట్లం ఇటు చాచుతాడు. ఉల్లిపాయ ముక్కలు ఏరి చెల్లెలికి వదిలి అతను మరమరాలు తినడం చిన్నప్పట్నుంచీ ఉన్న అలవాటే, ఇప్పుడూ పొట్లంలో అన్నీ ఉల్లిపాయలే.

"ప్రాక్టీసు మానేసేవేటి?"

"మానలేదు."

మానలేదు సరికదా, ఆవిడగారి మొండితనం చూసి ఇంట్లోవాళ్లు నోరు వెళ్లబెట్టారు. అన్న పోయిన అయిదోనాడు, ఇల్లంతా మైలలో ఉండి బంధువులు చాపల మీద కూర్చుని ఏడుస్తుంటే, ఈవిడ మేడ మెట్లు ఎనభై సార్లు ఎక్కి దిగింది. "ఈ గుంటకి గుండె రాయేటి?" అని వదినగారి పిన్నత్త అందరూ వినేలాగే అంది. ఉద్యోగం పిలిచాక ఊళ్లు పట్టుకు తిరుగుతూ, బరంపురం బస్టాండు చుట్టూ తెల్లవారుజామున కుక్కలు తరుముతుంటే పరిగెత్తింది, ఒడిశా జైపూర్‌లో ఆస్పత్రి వార్డుబాయ్ సైకిలు అడిగి తీసుకుని ఘాట్ రోడ్డెక్కింది, రాయపూర్‌లో క్లబ్బు ఈతకొలనులో ఈ గోడనుంచి ఆ గోడకి అరవై సార్లు ఈదింది. ఇదంతా అన్నకు చెప్పాలని నోరు తెరుస్తుంది, కానీ అతను ముందే అడిగేస్తాడు.

"పరుగు టైమెంత?"

నూకరత్నానికి ఒక్కసారిగా ఏడుపు తన్నుకొస్తుంది. ఏ ఊళ్లో ఎంత దూరం పరిగెత్తినా, గదికి వచ్చి చెమట తుడుచుకుంటుంటే ఎంతయిందే అని అడిగిన మనిషి ఈ నాలుగు నెలల్లో ఒక్కడు లేడు. ఫోనులో అంకెలు తనే చూసుకుని, తనే చెరిపేసుకునేది.

"పది కిలోమీటర్లు, యాభై తొమ్మిది నిమిషాలు" అంటుంది ముక్కు చీదుకుంటూ.

"గంటలోపే! ఒలమ్మో, మా గుంట గంటలోపే కొట్టేసింది!" అని అతను కుర్చీలోంచి లేచి సైకిళ్లన్నిటి బెల్లులూ వరసగా మోగించుకుంటూ పోతాడు, ఆ మోతకి సైకిళ్లు ఒక్కొక్కటే ఇసకలోకి దిగిపోతాయి, చివరికి ఇసక ఒక్కటే మిగులుతుంది. రుషికొండ ఒడ్డు. ఎండ లేదు, అయినా ఇసక కాలుతోంది.

"సముద్రంలో దిగేవా?" అని అడుగుతాడు వెనక్కి వస్తూ.

దిగలేదని చెప్పకపోయినా అతనికి తెలుసన్న సంగతి ఆమెకు తెలుస్తూనే ఉంది, కలలో అలాంటివి దాగవు. మూడు వారాల్లో పందెం, అందులో కిలోమీటరున్నర సముద్రంలోనే ఈదాలి, ఆమె మాత్రం అస్థికలు కలిపిన రోజునుంచి కెరటంలో కాలు పెట్టలేదు.

"ఆ రోజు తల తిప్పేవు కదూ?"

"తిప్పేనన్నియ్యా" అంటుంది చివరికి. ఎవరికీ చెప్పని మాట అది. పైడిరాజు కొడుకు మరీ చిన్నవాడు కావడంతో, వదిన భాగ్యం పట్టుబట్టి, "నీళ్లల్లో ఆయనకి తోడు నువ్వే, నువ్వే తీసుకెళ్లమ్మా" అని కుండ ఆమె చేతిలో పెట్టింది. కెరటాలు దాటేదాకా ఈదుకుంటూ వెళ్లి వదిలిపెట్టాలి, వదిలాక వెనక్కి తిరిగి చూడకూడదు, చూస్తే పోయినవాళ్ల కాళ్లకి బంధం వేసినట్టేనని పంతులుగారు ఒకటికి మూడుసార్లు చెప్పారు. ఆమె తలూపింది. కుండ వదిలింది, ఒడ్డువైపు తిరిగి ఈదడం మొదలుపెట్టింది, ఇరవయ్యో బార పడగానే మెడ దానంతటదే వెనక్కి తిరిగిపోయింది.

"నావల్లే నువ్వక్కడ ఆగిపోయేవేమో. వదినకి కల్లోకైనా రావట్లేదంట."

"దాని కల్లోకి ఎల్తే హాల్లోంచి నా సైకిలు తియ్యమంటాది, ఆ భయానికే ఎల్లట్లేదు" అని నవ్వుతాడు పైడిరాజు. తరవాత నవ్వు ఆపి, హెల్మెట్టు తీసి ఇసకలో బోర్లించి, "నీకు నేర్పినోడెవడే? నానే కదా. ముందున్నోలు ఇరవై బారలకోసారి ఎనకోలు వస్తన్నారో లేదో చూడాల. ఆరోజు నువ్వు ముందున్నావు, చూసేవు. చూడకపోతే చెవి మెలేసేవోడిని."

"పంతులుగారు చూడొద్దన్నారు."

"పంతులుగారికి ఈతొచ్చేటి?"

ఆమెకు నవ్వు రావాలి, రాదు. ఎందుకంటే పంతులుగారు ఒక సాకు మాత్రమేనని ఆమెకు తెలుసు, అసలు మాట వేరే ఉంది, అది ఇక్కడ చెప్పకపోతే ఇంకెక్కడా చెప్పలేదు.

"చూస్తే నువ్వు లేవన్నియ్యా" అంటుంది. "పదేళ్లలో ఎప్పుడు తల తిప్పినా నీ నడుముకి కట్టుకున్న ఆరెంజి గాలి సంచి తేలుతా కనిపించేది. ఆరోజు చూస్తే ఏటీ లేదు, నీళ్లే. కొలనులో అయితే గోడలుంటాయి, వెనక్కి చూడక్కర్లేదు. సముద్రంలో దిగితే తిప్పకుండా ఉండలేను, తిప్పితే నువ్వుండవు. అందుకే దిగట్లేదు."

పైడిరాజు క్రేను మీద కూర్చుని దూరంగా ఓడను చూసేటప్పుడు పెట్టే మొహం పెట్టి సముద్రంకేసి చూస్తాడు. ఆపైన లుంగీ మడిచి కట్టుకుని నీళ్లలోకి నడుస్తాడు, కెరటం విరగకుండానే అతన్ని లోపలికి తీసుకుంటుంది, నడుముకి ఆరెంజి సంచి ఎప్పుడు కట్టుకున్నాడో గాని అది పైకి తేలుతుంది.

"ఆగన్నియ్యా, ముందెల్లిపోతన్నావు!"

"మరి ముందే ఎల్లిపోనాను కదేటే" అంటాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు. "ఇప్పుడు ముందున్నోడిని నాను. ఎనక్కి చూసే పని నాది. నువ్వు బార వెయ్యి, అంతే."

ఆమె దిగుతుంది. నీళ్లు చల్లగా ఉంటాయి, కొలను నీళ్లలా మందు వాసన లేదు. ముందు ఆరెంజి సంచి లేస్తూ పడుతూ పోతోంది, అన్న బారలు తనకి లెక్క తెలుసు, చిన్నప్పట్నుంచీ అతని చేతులు లెక్కపెడుతూనే ఈత నేర్చుకుంది కాబట్టి తప్పదు, పదిహేను, పదహారు, సంచి చిన్నదవుతోంది, పదిహేడు, గట్టిగా వేస్తే అందుకోవచ్చు, పద్దెనిమిది, ఇప్పుడు తిరుగుతాడు, పందొమ్మిది —

"అమ్మా, ఓ అమ్మా!"

నూకరత్నం కళ్లు తెరిచింది. ఆమెను ఇంటికి చేర్చే మధ్యాహ్నపు బండి రాయగడ దాటి కొండల మధ్యనుంచి దిగుతోంది. కిటికీ పక్క రెండు సీట్లలో ఆమె ఒకదాంట్లో, ఎదురుగా పార్వతీపురం వెళ్లే ముసలావిడ ఒకదాంట్లో. నిద్రలో వంగిపోయి మెడ పట్టేసింది. ఎదురుగా ఎవరున్నారో పోల్చుకోడానికే ఒక నిమిషం పట్టింది, పోల్చుకున్నాక గుండెలో బరువు మళ్లీ వచ్చి దాని చోట అది కూర్చుంది.

"ఈ గాలి మొగం మీద కొట్టేస్తంది తల్లీ, సెవుల్లో పోటు. నువ్విటు వస్తావా?" అంది ముసలావిడ.

నూకరత్నం లేచి చోటు మారింది. అప్పటిదాకా బండి పోయేవైపు వీపు పెట్టి కూర్చుంది, ఇప్పుడు గాలి ఎదురొచ్చి జుట్టంతా చెదరగొట్టింది. బండి పెద్ద మలుపు తిరుగుతోంది. ముందున్న పెట్టెలు నాలుగూ, వాటికవతల ఇంజనూ, ఒక్కటొక్కటే వంపులోకి వచ్చి కనిపించాయి. ఇంజను కిటికీలోంచి ఒక మనిషి తల బయటకు పెట్టి, గాలికి కళ్లు చిట్లించుకుని, పెట్టెలన్నీ సరిగ్గా వస్తున్నాయో లేదో వెనక్కి చూస్తున్నాడు.

మలుపు ఉన్నంతసేపూ చూశాడు. నూకరత్నం కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి ఊపింది. అతను చూశాడో లేదో, తల లోపలికి తీసుకున్నాడు, బండి తిన్నబడింది, ఇంజను కనిపించడం మానేసింది.

"తెలిసినోలా తల్లీ?" అంది ముసలావిడ.

"కాదు మామ్మా" అని, నూకరత్నం కొంగుతో మొహం తుడుచుకుని, ఫోను తీసి వదినకు చేసింది. అవతల భాగ్యం ఎత్తింది.

"రేపు పొద్దున్న సముద్రంలో దిగుతాను వదినా" అంది. "ఒక్కదాన్నే."