సిలోను కొండ మీద మగ్గం కాళ్లు

నన్ను మోటారుసైకిలు ఎక్కించిన పాపం మా మిత్రుడు శేషన్నదే. యుద్ధకాలంలో సిలోను కొండల్లో మోటారుసైకిలు మీద సైన్యం ఉత్తరాలు మోసినవాడు. కోడుమూరుకు తిరిగొచ్చాక పదేళ్లపాటు ఆ కొండల సంగతి చెప్పి చెప్పి మా ప్రాణాలు తోడేశాడు. చివరికి 1955లో, "మీకు చూపియ్యకుంటే నా మనసు కుదరదప్పా" అంటూ మిలిటరీవాళ్లు అమ్మేసిన పాత బండ్లు మూడు సంపాదించాడు. ఒకటి తనకు, ఒకటి బస్సులు బాగుచేసే మద్దిలేటికి, ఒకటి నాకు.

నేను నేతగాణ్ణి. పదకొండో ఏటి నుంచి మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకొని బతికినవాణ్ణి. శేషన్న ఓర్వకల్లు దారిలో మూడు నెలలు నాకు బండి నేర్పించాడు. ఎడమకాలు బ్రేకు, కుడికాలు గేరు. చదును నేల మీద నాకంటే మొనగాడు లేడనుకున్నాను.

నా వెనక కూర్చునేది మా బావ బొజ్జన్న. మా అక్క మొగుడు, అయిదుగురు పిల్లల తండ్రి, బట్టల వ్యాపారి. బండి నడపడం రాదు, మమ్మల్ని వదిలి ఉండనూ లేడు. బయలుదేరేటప్పుడు మా అక్క ఉరుకుందమ్మ ఒకటే మాట అనింది.

"నీ పరాచకాలు యాడన్నా ఆడుకో, బండి మీద మాత్రం వద్దు. మీ బావను పానంతో తోడుకొని రా."

బండ్లతో సహా ధనుష్కోటి దాకా రైలు, అక్కణ్ణుంచి స్టీమరు. సిలోనులో దిగి కొండదారి పట్టాక ఎక్కడ చూసినా నీళ్లే. మొన్నటి కరువులో గంజి కేంద్రాల ముందు వరస కట్టినవాళ్లం మేము. దారి పక్కన ఊరికే పారిపోతున్న ఆ నీళ్లను చూస్తే నాకు ముందు కోపమొచ్చింది. తర్వాత బండి ఆపి, దోసిలి పట్టి తాగి, ఇన్ని నీళ్లు కంటితో చూపించినందుకు శేషన్నకు దండం పెట్టాను.

మూడోరోజు మధ్యాహ్నం తేయాకు తోటల కొండ దిగుతున్నాం. శేషన్న, మద్దిలేటి ముందు మలుపులు దాటి పోయారు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. బండి వేగం పెరిగింది. నాకు భయం పుట్టింది.

మగ్గం మీద ఎడమకాలు తొక్కాక కుడికాలు తొక్కాల్సిందే. పాతికేళ్ల అలవాటు. భయంతో బుద్ధి పనిచేయడం మానేసేసరికి, కాళ్లు తమకు తెలిసిన పని మొదలుపెట్టాయి. ఎడమకాలు బ్రేకు తొక్కింది. వెంటనే అది పైకి లేచి, కుడికాలు గేరు తొక్కింది. మళ్లీ ఎడమ, మళ్లీ కుడి. ఆ బండికి కుడికాలు తొక్కేకొద్దీ గేరు పెరిగి, పరుగు ఇంకా జోరందుకుంటుంది.

"ఏం చేస్తాండావురా? బ్రేకు తొక్కు!" అని అరిచాడు బావ.

"తొక్కుతానే ఉండా బావా!"

అబద్ధం కాదు. చీర నేసినట్టు తొక్కుతూనే ఉన్నాను. కాళ్లను ఆపమని నాలో నేనే బతిమాలుకున్నాను. ఆగలేదు. బావను చంపేస్తున్నానని తెలిసిపోయింది.

కింద మలుపు దగ్గర తేయాకు కోసే ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. లారీ కోసం ఆకు మూటలు దారి పక్కన పేర్చారు. వాళ్లలో ఒక అవ్వ మమ్మల్ని చూసి గట్టిగా కేక పెట్టింది. అందరూ కలిసి ఆ మూటలను దారికడ్డంగా తోసి పక్కకు ఉరికారు. బండి పోయి వాటిలో దిగబడింది. నేను ఎగిరిపడ్డాను. బావ ఆకుల మీద వెల్లకిలా పడి కళ్లు తెరిచాడు.

"మీ అక్కకు చెప్పొద్దు" అన్నాడు.

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి నాకు. ఆడవాళ్లు మాకు నీళ్లు తాపి, కాళ్లూ చేతులూ తడిమి చూశారు. ఆ తర్వాతే ఆకు వైపు చూశారు. మూటలు పిగిలి సగం ఆకు బురదలో పడింది. వాళ్లు పొద్దుటి నుంచి పడిన కష్టమంతా అదే. ఇంతలో మిత్రులు వెనక్కి తిరిగి వచ్చారు. శేషన్న తన మిలిటరీ అరవంలో అవ్వను అడిగాడు, పొద్దంతా కోసిన ఆకును ఎందుకు తోశారమ్మా అని.

"ఇంకేం తోసేది? మా దగ్గర అవే ఉన్నాయి" అందట అవ్వ.

లారీ వచ్చేదాకా మేం నలుగురమూ బురదలో కూర్చుని ఆకు ఏరాం. ముప్పాతిక దాకా దక్కింది. నాకు అరవం రాదు. అవ్వ ముందు చేతులు జోడించి నిలబడ్డాను. అంత మనసుపెట్టి ఏ దేవుడికీ నేను దండం పెట్టలేదు. ఆమె నా భుజం తట్టి లారీ దగ్గరికి పోయింది.

మద్దిలేటి వంగిన హేండిలు సరిచేశాడు. నేను బండి ముట్టనన్నాను. తోసుకుంటూ నడిచి దిగుతానన్నాను.

"బొజ్జన్నా, నువ్వు నా యెనక కూచో" అన్నాడు శేషన్న.

బావ అటు పోలేదు. మోకాలికి కట్టిన గుడ్డ సర్దుకుంటూ నా బండి దగ్గరికి వచ్చాడు.

"ఎక్కురా" అన్నాడు.

"వద్దు బావా. నా కాళ్లను నేనే నమ్మను."

"ఈ పొద్దు ఎక్కకుంటే ఇంగ జన్మలో ఎక్కవు. మెల్లగా పోదాం. కుడికాలు ఎత్తితివా, యెనక నుంచి నేను చెప్తాంటా."

ఎక్కాను. ఆయనా ఎక్కాడు. నా భుజం పట్టుకొని, కొండ దిగేదాకా ప్రతి మలుపులోనూ "కుడికాలు, కుడికాలు" అని గొణుగుతూనే ఉన్నాడు. దిగిపోతానని మాత్రం ఒక్కసారి కూడా అనలేదు.